అనాసపువ్వు - ఫ్లూ మందు

దిల్‌సుఖ్‌నగర్‌లో గాని, ఎల్.బి.నగర్‌లో గాని కిరాణా దుకాణమునకు వెళ్లి పలావు దినుసులు అడిగినచో, వానిలో అనాసపువ్వు తప్పక ఉండును. పేరునకు పువ్వే గాని, నిజమునకు ఇది ఎండిన కాయ. నక్షత్రమువలె విచ్చుకొన్న దాని గదులలో నున్నని గోధుమరంగు గింజలుండును. ఈ చెట్టు దక్షిణ చైనా, వియత్నాం ప్రాంతములలో పెరుగును. ఈ వంటింటి దినుసునకు ఫ్లూ జ్వరపు మందుతో సంబంధమెట్లు కలిగినదో తెలిసికొందము.

1885లో ఐక్‌మన్ అను డచ్చి రసాయనవేత్త, అనాసపువ్వు జాతికే చెందిన 'షికిమి' అను జపాను చెట్టునుండి ఒక ఆమ్లమును వేరుచేసెను. చెట్టు పేరునుబట్టి దానికి షికిమిక్ ఆమ్లమని పేరు వచ్చినది. మొక్కలు కొన్ని ఎమినో ఆమ్లములను తయారుచేసికొను మార్గములో ఇదియొక మజిలీ అని తరువాత తేలినది. అనాసపువ్వులో ఈ ఆమ్లము గింజలలోకంటె వాని చుట్టునున్న పెంకులో హెచ్చు. 1990 తరువాత అమెరికా శాస్త్రజ్ఞులు దీనినే ముడిపదార్థముగా గ్రహించి ఓసెల్టామివిర్ అను మందును రూపొందించిరి. 1999లో అమెరికా ప్రభుత్వము దానిని ఆమోదించెను.

ఫ్లూ వైరస్ మన కణములో వృద్ధిపొందిన పిదప, కొత్త వైరస్‌లు కణమును విడిచి పోవలెనన్న న్యూరమినిడేజ్ అను ఎంజైము కత్తెరవలె పనిచేయవలెను. ఓసెల్టామివిర్ ఆ కత్తెరను పట్టివేయును. వైరస్ వ్యాప్తి తగ్గును.

2005లో పక్షి ఫ్లూ భయము ప్రబలినప్పుడు ఈ మందునకు గిరాకి మిక్కుటమయ్యెను. ఆ డిసెంబరులో స్విట్జర్లాండు దేశపు రోష్ సంస్థ, దీనిని తయారుచేయుటకు మన హైదరాబాదునందలి హెటెరో సంస్థకు అనుమతి నిచ్చెను. 2009 మే నెలలో భారతదేశమున మొదటి స్వైన్ ఫ్లూ రోగిని గుర్తించినది కూడ హైదరాబాదులోనే. అతడు అమెరికానుండి వచ్చిన ప్రయాణికుడు.

అట్లయిన అనాసపువ్వు కషాయము త్రాగిన ఫ్లూ తగ్గునా? తగ్గదు. షికిమిక్ ఆమ్లమునకు ఆ కత్తెరను పట్టు శక్తి లేదు. ఇంచుమించు పది రసాయనిక మార్పుల తరువాతనే అది మందగును. పైగా షికిమి కాయలు చూచుటకు అనాసపువ్వువలెనే యుండును గాని విషపూరితములు. నక్షత్రపు కాయలతో కాచిన 'టీ' త్రాగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చుటచే, 2003లో అమెరికా ఆహార, ఔషధ శాఖ ప్రజలను హెచ్చరించెను.

ఓసెల్టామివిర్ సైతము ఫ్లూకే గాని, డెంగీకి, కరోనాకు పనిచేయదు. జ్వరము వచ్చిన 48 గంటలలో మొదలుపెట్టిననే దానివలన మేలు హెచ్చు. కషాయమును నమ్ముకొని ఆ రెండు దినములు పోగొట్టుకొనరాదని ఉపాధ్యాయులు విద్యార్థులకును, విద్యార్థులు తమ ఇండ్లలోను చెప్పవలెను.