బందరు మారిన గుమాస్తా

మొన్న సంక్రాంతికి గుడివాడలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లంతా అరిసెల పాకం వాసనతో ఘుమఘుమలాడుతుంటే, మా అక్క కొడుకు మాత్రం మేడమీద గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటరు ముందు కూచున్నాడు. పళ్ళెంలో నాలుగు అరిసెలు పెట్టుకుని నేనే పైకి వెళ్ళాను.

"పండగపూట కూడా ఏం చేస్తున్నావురా?"

"పోర్టింగ్ పిన్నీ" అన్నాడు తల తిప్పకుండా.

బందరులో ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్నదాన్ని. నాకు తెలిసిన పోర్టు ఒక్కటే. మా ఊరి పేరే రేవు. మచిలీపట్నం అని కాగితాల మీద ఎంత రాసుకున్నా, నోటితో పిలిచేది బందరనే. ఆ మాట పారసీకం వాళ్ళది, రేవు అని అర్థం. "ఏ ఓడలోకి ఎక్కిస్తున్నావేమిటి?" అని అడిగాను. వాడు పకపకా నవ్వాడు. ఒక కంప్యూటరు కోసం తయారైన ప్రోగ్రామును మరో రకం కంప్యూటరు మీదికి తరలించి, అక్కడి పద్ధతులు నేర్పి, అక్కడ కాపురం పెట్టించటాన్ని పోర్టింగ్ అంటారట. వాడు తరలిస్తున్నది ఆటల ప్రోగ్రామూ కాదు, బ్యాంకుల ప్రోగ్రామూ కాదు. మిగతా ప్రోగ్రాములు ఏం అడుగుతున్నాయో, వాటికి ఏం జవాబు దొరుకుతోందో గుమ్మంలో కూచుని రాసుకునే ఒక గుమాస్తా.

నేను చదివింది బి.ఏ., అదీ చరిత్ర. కంప్యూటరు గొడవ నాకెందుకని దిగి వచ్చేదాన్నే. కాని గుమాస్తా అనేసరికి కాలు ఆగిపోయింది. ఎందుకంటే మా బందరు చరిత్ర మనకు మిగిలిందే గుమాస్తాల వల్ల.

1605లో డచ్చివాళ్ళ ఓడ బందరు చేరింది. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చి కోఠీ పెట్టారు. అప్పుడు ఈ రేవు గోల్కొండ కుతుబ్‌షాహీలది. వచ్చిన వర్తకుడు ఎంత డబ్బున్నవాడైనా, సరుకు దింపుకోవాలంటే రేవు అధికారి సెలవు కావాలి. ఆ అధికారిని షాబందరు అనేవారు. వర్తకుడికి షాబందరు భాష రాదు. మధ్యన దుబాసీ ఉంటాడు. ద్విభాషి అన్న మాటే అరిగి దుబాసీ అయింది. ఇంతకీ ఏం అడిగారు, ఏం ఇచ్చారు, ఎంత ఖర్చయిందీ అన్నది ఆరు నెలల దూరంలో లండనులో కూచున్న కుంపిణీ పెద్దలకు తెలిసేదెలా? కోఠీలో గుమాస్తా రోజూ రాసే దినచర్య పుస్తకమే వాళ్ళకు కళ్ళూ చెవులూ. ఆ లెక్కలూ రాతలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఒక పద్ధతిలో పెట్టించమని స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే ఆయన్ని పంపించారు. ఆయన 1676లోనూ 1679లోనూ బందరు వచ్చి వెళ్ళాడు. తనూ ఒక దినచర్య రాసి పెట్టాడు. ఆనాటి బందరు గురించి ఇవాళ మనం నాలుగు మాటలు చెప్పుకోగలుగుతున్నామంటే ఇలాంటి రాతల పుణ్యమే.

కంప్యూటరు లోపల కూడా అచ్చం ఇదే ఏర్పాటని మావాడు చెప్పాడు. ప్రోగ్రాము అనేది వచ్చిన వర్తకుడు. తన మనసులో ఎన్ని లెక్కలైనా కట్టుకోవచ్చు. కాని ఒక దస్త్రం తెరవాలన్నా, తెర మీద ఒక అక్షరం వెయ్యాలన్నా, బయటికి ఒక కబురు పంపాలన్నా సొంతంగా చెయ్యటానికి వీల్లేదు. కెర్నెలు అనే షాబందరు దగ్గరికి వెళ్ళి మనవి చేసుకోవాలి. ఆ మనవికే సిస్టమ్ కాల్ అని పేరు. పేరు పెట్టి అడగదు, అంకె చెబుతుంది. అంకెనూ, దానితోపాటు ఇవ్వవలసిన సరంజామానూ ప్రాసెసరులోని చిన్న చిన్న అరల్లో పెట్టి గంట కొడుతుంది. ఆ అరలనే రిజిస్టర్లంటారు. హాజరు పట్టీ రిజిస్టరు తప్ప మరొకటి ఎరగని నాకు అదొక వింత.

ఆ వాకిట్లో కూచుని, వచ్చిన ప్రతి మనవినీ ఒక్కొక్క వరసగా రాసే గుమాస్తాల్లో పేరున్నది ఎస్‌ట్రేస్. ఏం అడిగింది, ఏమేం ఇచ్చి అడిగింది, ఏం జవాబొచ్చింది, అంతే. తన అభిప్రాయం ఒక్కటీ రాయదు. ప్రోగ్రాము ఎందుకు మొరాయించిందో ఎవరికీ అంతు పట్టనప్పుడు ఈ చిట్టాయే సాక్ష్యం.

దాని చరిత్ర మావాడు చెబుతుంటే అరిసెలు నేనే తినేశాను. 1991లో పాల్ క్రానెన్‌బర్గ్ అనే ఆయన సన్ కంపెనీ యంత్రాల కోసం దీన్ని రాశాడు. అదే ఏడు లినక్స్ పుట్టింది. బ్రాంకో లాంకెస్టర్ అనే మరొకాయన ఈ గుమాస్తాను అక్కడికి తీసుకుపోయాడు. ఊరికే తీసుకుపోతే కూచోనివ్వరు కదా, వాకిట్లో గుమాస్తాకు చోటిచ్చే ఏర్పాటు కెర్నెల్లో కూడా ఆయనే చేశాడు. ఇద్దరి దారులూ వేరయిపోతుంటే 1993లో రిక్ స్లాడ్కీ రెంటినీ కలిపి ఒకటి చేశాడు. మరుసటేడు సొలారిస్‌కు, 1995లో ఐరిక్స్ అనే దానికి తరలించాడు. ఎస్‌ట్రేస్‌తో వచ్చే కాగితాల్లో ఈ చరిత్రంతా ఆయనే రాసుకుంటూ, చివరికి వచ్చేసరికి తన గురించి తను 'అతడు' అని రాసుకోవటం విసుగనిపిస్తోందని కూడా అందులోనే రాసేశాడట! నవలలు రాసేదాన్ని కనక ఆ మాట విని నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. ఇంత పొడి వ్యవహారంలో ఒక్కచోట మనిషి తల బయట పెట్టాడు.

1996 నుంచి విచెర్ట్ ఆకెర్‌మన్, 2002 నుంచి రోలండ్ మెక్‌గ్రాత్, 2009 నుంచి ద్మిత్రీ లెవిన్ దాని బాగోగులు చూస్తూ వచ్చారు. కొత్త రకం ప్రాసెసరు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దీన్ని అక్కడికి మోశారు. మన చేతి సంచుల్లో ఉండే ఫోన్లలోని ఆర్మ్ తరహా ప్రాసెసర్లకూ ఇది వచ్చింది. రిస్క్-ఫైవ్ అనే సరికొత్త తరహాకూ వచ్చింది. ఆ రిస్క్-ఫైవ్ 2010లో అమెరికాలోని బర్క్‌లీలో మొదలైంది. ఎవరైనా వాడుకోవచ్చునని నమూనా బహిరంగంగా పెట్టారు కనక, మన మద్రాసు ఐ.ఐ.టి. వాళ్ళు దాని మీదే 'శక్తి' ప్రాసెసర్లు తయారు చేశారు.

"ఇంకొకరు ఎప్పుడో మోసేసినదాన్ని నువ్వు మళ్ళీ మొయ్యటమెందుకురా?" అన్నాను.

ఇది ఎస్‌ట్రేస్ కాదట. కాలేజీలో ఉండగా, నేర్చుకోవటానికి తను సొంతంగా రాసుకున్న బుల్లి గుమాస్తా. అప్పట్లో పాత ఇంటెల్ 386 తరహాకు రాశాడు. ఇప్పుడు అరచేతిలో పట్టే రిస్క్-ఫైవ్ బోర్డు ఒకటి కొనుక్కుని దానిమీదికి మారుస్తున్నాడు.

అందులో కష్టమేమిటంటే, ఊరు మారితే అరలు మారతాయి. 386లో మనవి అంకె పెట్టిన అరలోకే తిరిగి జవాబు వస్తుంది. రిస్క్-ఫైవ్‌లో అలా కాదు. అంకె ఏడో అరలో పెట్టాలి, సరంజామా సున్నా అర నుంచి వరసగా పెట్టాలి, జవాబొచ్చి ఆ సున్నా అరలోనే పడుతుంది. అంటే అంతకుముందు అక్కడున్న వస్తువు పోయినట్టే. అందుకని గుమాస్తా వర్తకుడు లోపలికి వెళ్ళేటప్పుడే ఒకసారి చూసి రాసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు మరోసారి చూడాలి. వచ్చాక రాసుకుందాంలే అని బద్ధకిస్తే, అడిగిందేదో తెలియకుండా పోతుంది. పాత ఊళ్ళో ఈ బద్ధకం చెల్లుబాటయింది, కొత్త ఊళ్ళో చెల్లదు.

మావాడు అరలన్నీ జాగ్రత్తగా సర్దుకున్నాడు. ప్రోగ్రాము తప్పులేమీ చూపించకుండా నడిచింది. కాని తెర మీద వచ్చింది చూసి రెండు రోజులుగా జుట్టు పీక్కుంటున్నాడు. తెర మీద మూడు వాక్యాలు రాసి ఊరుకోవలసిన చిన్న ప్రోగ్రామును నడిపిస్తే, అది అసలేమీ రాయమని అడగనే లేదని గుమాస్తా సాక్ష్యం. దానికి బదులు మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగిందట: నా తల్లి ఎవరు? కంప్యూటరులో ప్రతి ప్రోగ్రామునూ పుట్టించిన మరో ప్రోగ్రాము ఉంటుంది, దానికో నంబరు ఉంటుంది. ఆ నంబరు అడిగిందన్నమాట.

"జవాబేమొచ్చింది?" అన్నాను.

"14. తరవాత 27. తరవాత 9."

"అదేమిట్రా, ఆ పిల్లకి మాటమాటకీ ఒక తల్లా?"

వాడు నా వంక చూశాడు. ఆ తరవాత తెర వంక చూశాడు. ఒక నిమిషం నోట మాట లేదు. ఉన్నట్టుండి "పిన్నీ!" అని అరిచాడు, కింద వంటింట్లో మా అక్క కంగారుపడి "ఏమైందే?" అని కేకేసేటంతగా.

అయిందేమిటంటే, అరలు మార్చాడు కాని అంకెల పట్టీ మార్చటం మరిచాడు. రిస్క్-ఫైవ్‌లో 64 అంటే 'రాయి' అని. పాత 386 పట్టీలో 64 అంటే 'నా తల్లి ఎవరు' అని. ప్రోగ్రాము పాపం తన మూడు వాక్యాలూ రాయమనే అడిగింది. షాబందరు రాసిపెట్టి, ఎన్ని అక్షరాల చోటు పట్టిందో లెక్క చెప్పాడు. 14, 27, 9. గుమాస్తా మాత్రం పాత ఊరి నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, కొత్త ఊరి మాటలకు అర్థాలు రాస్తోంది. అంకె సరిగ్గానే విన్నది, జవాబూ సరిగ్గానే విన్నది. అయినా రాసిందంతా అబద్ధం.

నాకు ఒళ్ళు జలదరించింది. ఇది వాడి బుల్లి ఆట కనక సరిపోయింది. అదే 386 పట్టీలో 1 అంటే 'ఇక సెలవు' అని చెప్పి ప్రోగ్రాము ప్రాణం వదలటం. దాని తరవాతి తరం 64 బిట్ల ఇంటెల్ తరహాలో 1 అంటే 'రాయి'. ఒక ఊళ్ళో చావు కబురు మరో ఊళ్ళో ఉత్తరం రాయటం! అబద్ధమాడే వర్తకుణ్ణి పట్టుకోవచ్చు. మంచి చేతిరాతతో, కొట్టివేతలు లేకుండా, మనస్ఫూర్తిగా తప్పు రాసే సాక్షిని పట్టుకోవటం ఎలా? మావాడు రెండు రోజులు నిందవేసింది ప్రోగ్రాము మీద, కొత్త బోర్డు మీద. గుమాస్తాను అనుమానించనే లేదు. కోర్టులోనైనా, ఇంట్లోనైనా మనం చేసేది ఇదే కదా.

బందరు రేవు కథ మీకు తెలిసిందే. ఇసుక మేట వేసి పెద్ద ఓడలు దూరంగానే లంగరు దించవలసి వచ్చింది. వర్తకం మద్రాసు వైపు మళ్ళింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఊరు మళ్ళీ ఆ వైభోగం చూడలేదు. ప్రాసెసర్లకూ మేట వేస్తుందని నాకు ఆరోజే తెలిసింది. లినక్స్ పుట్టిందే 386 మీద. 2012లో ఆ 386నే వదిలేశారు, పుట్టింటి తలుపు మూసినట్టు. 2018లో బ్లాక్‌ఫిన్, టైల్, మెటాగ్ మొదలైన ఎనిమిది తరహాలను ఒక్కసారే తీసేశారు. ఇంటెల్ వాళ్ళు ఎంతో ఆర్భాటంగా 2001లో తెచ్చిన ఇటానియం, 2024 జనవరిలో వచ్చిన లినక్స్‌లో లేదు. ఎస్‌ట్రేస్ పుట్టిన సన్ యంత్రాల వ్యవస్థ గాని, రిక్ స్లాడ్కీ కష్టపడి తరలించిన ఐరిక్స్ గాని ఇవాళ వాడేవాళ్ళు అరుదు. రేవులు పోయాయి. గుమాస్తా మాత్రం ఇంకా రాస్తోంది. ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని బుజాన వేసుకుని, అరలూ అంకెలూ ఓపిగ్గా మార్చి, కొత్త వాకిట్లో కూచోబెట్టబట్టి. కొత్త ప్రాసెసరు కనిపెట్టినవాళ్ళ పేర్లు పత్రికల్లో పడతాయి. పట్టీలు దిద్దినవాళ్ళను ఎవరు అడుగుతారు?

కనుమ వెళ్ళాక మావాణ్ణి తోడు తీసుకుని అవనిగడ్డ బయలుదేరాను. మా పుట్టిల్లు దివిసీమ. పులిగడ్డ దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు అక్విడక్టు చూపించాను. కింద కృష్ణ పాయ, దాని పైన కట్టిన దారిలో కాలువ నీళ్ళు. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు దాటి వెళ్ళి దివిసీమ పొలాలు తడుపుతాయి. చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని, ఏరు మీద కాలువ నడుస్తోందని నోరు తెరుచుకుని చూసేదాన్ని. కట్టినవాళ్ళ పేర్లు ఆనాడూ అడగలేదు, ఈనాడూ నాకు తెలియవు. అన్నం మాత్రం ఆ నీళ్ళదే తిన్నాను.

"పోర్టింగ్!" అన్నాడు మావాడు కిటికీలోంచి చూస్తూ.

బందరులో కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఓడలు వస్తాయి, సరుకులు దిగుతాయి, కొత్త గుమాస్తాలు కూచుంటారు. వాళ్ళ ఒళ్ళో ఏ ఊరి నిఘంటువు ఉందో ఒకసారి చూసి రమ్మని మావాడికి చెప్పాను.

"నువ్వే చూద్దువుగాని పిన్నీ, నా గుమాస్తాను పట్టింది నువ్వేగా" అన్నాడు.

అవనిగడ్డలో దిగగానే మా అమ్మ ఎదురొచ్చింది. వాడు గబగబా వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. మా అమ్మకు ఏం అర్థమైందో గాని, నా వంక తిరిగి, "ఏమే, నీ తల్లి ఎవరో నీకు గుర్తుందా? సంక్రాంతి వెళ్ళాకనా రావటం?" అంది.