ఉత్తర్వు: గోదావరి సీమలో రాగిరేకు నుంచి జీవో దాకా

పాలనాధికారం ఉన్నవారు వెలువరించే, జనం పాటించి తీరవలసిన నిర్ణయం ఉత్తర్వు. గోదావరి డెల్టాలో దీనికి వెయ్యేళ్లు దాటిన లిఖిత చరిత్ర ఉంది.

తూర్పు చాళుక్యుల దానశాసనాలు రాగిరేకుల మీద ఉంటాయి. రేకులను కడియానికి గుచ్చి, దాని అతుకు మీద వరాహం, అంకుశం గుర్తులతో ‘శ్రీ త్రిభువనాంకుశ’ ముద్ర వేసేవారు. వీటిలో గమనించదగ్గ సంగతి ఒకటుంది. రాజు పలకరించేది దానం పుచ్చుకునేవారిని కాదు, ఆ ప్రాంతపు పెద్దలను, కాపు కుటుంబాలను. ఫలానా ఊరు ఫలానావారికి ఇచ్చామని వారికి తెలియజేసి, ఎల్లలు వివరంగా చెబుతాడు. అమలు బాధ్యత ‘ఆజ్ఞప్తి’ది, చాలా శాసనాల్లో ఆ పని కటకరాజు అనే అధికారికి అప్పగించారు. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చిన శాసనాన్ని (1053) రచించినవాడు నన్నయ. భారతం తెనిగించిన కవే ఊరి పొలిమేరలనూ అక్షరబద్ధం చేశాడన్నమాట.

ఉత్తర్వు పాలకుడి చేతులనూ కట్టగలదు. గోదావరి సీమకు వెలుపలిదైన మోటుపల్లి రేవు అభయశాసనంలో (1244-45) కాకతీయ గణపతిదేవుడు, ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును జప్తు చేసే పాత పద్ధతికి స్వస్తి పలికి, సుంకం ముప్పయ్యో వంతేనని మాటిచ్చాడు.

గోదావరి సీమతో కూడిన ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానా జారీ చేశాడు. అదొక్కటీ చాలలేదు; మరుసటి ఏడు కంపెనీ నిజాంతో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. 1802 తర్వాత జమీందార్లకు సన్నదులు అందాయి. ఊళ్లలో మాత్రం సర్కారు మాట దండోరాతోనే తెలిసేది.

నేటి రూపం జీవో, గెజెట్ నోటిఫికేషన్. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం హద్దులు మార్చే ముందు ప్రజల అభ్యంతరాలు అడగాలి. 2022 జనవరి చివర్లో కొత్త జిల్లాల ముసాయిదా వచ్చినప్పుడు మండపేటను రాజమహేంద్రవరం జిల్లాలో ఉంచాలన్న కోరిక బలంగా వినిపించింది. అది న్యాయమైన కోరిక: మండపేటకు రాజమహేంద్రవరమే దగ్గర, కోనసీమ జిల్లా కేంద్రమైన అమలాపురం వెళ్లాలంటే గోదావరి పాయ గౌతమిని దాటాలి. అయినా ఏప్రిల్ 4న అమల్లోకి వచ్చిన తుది ఉత్తర్వు మండపేటను కోనసీమ జిల్లాలోనే చేర్చింది.

జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టే పాత పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఆపింది. 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టింది.