మోటుపల్లి తీరాన మన ఓరుగల్లు

నేను పదవీ విరమణ చేసిన నాటి నుంచి మా శ్రీమతిది ఒకటే కోరిక. భద్రకాళి చెరువు, పాకాల చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూడలేదని, ఒక్కసారి సముద్రం చూపించమని. ఆ ముచ్చట మొన్నటి చలికాలంలో తీరింది. వరంగల్లులో రైలెక్కి ఖమ్మం, విజయవాడ, తెనాలి, బాపట్ల మీదుగా చీరాలలో దిగాము. చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో వాడరేవు ఉంది. ఇదివరకు బెస్తవారి పల్లె. ఇప్పుడు సెలవురోజుల్లో వచ్చే జనం కోసం అతిథి గృహాలు కూడా వెలిశాయి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరడం, వలల్లోంచి చేపలు విదిలించడం, ఒడ్డునే వేలం పాడటం చూస్తుంటే మా ఇద్దరికీ పొద్దు తెలియలేదు.

మరునాడు వేటపాలెం వెళ్ళి సారస్వత నికేతనం చూశాము. 1918లో మొదలైన గ్రంథాలయమది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రను నేటికీ భద్రంగా దాచి ఉంచారు. అక్కడినుంచి ఆటో మాట్లాడుకుని మోటుపల్లికి బయలుదేరాము. "సముద్రం చూస్తానికి వచ్చి రాయి దగ్గరికి పోవుడేంది?" అని మా శ్రీమతి గొణిగింది. నిజానికి నేను వచ్చిందే ఆ రాయి కోసం.

మిత్రులారా! మనం రోజూ చూసే ఖిలా వరంగల్ తోరణాల కథ సగమే. మిగతా సగం ఈ సముద్రపు ఒడ్డున ఉన్నది. 1199 నుంచి 1262 వరకు ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు తన ఏలుబడి తొలి ఏళ్ళలోనే తీరాంధ్రం మీదికి దండెత్తి దివిసీమను జయించాడు. అక్కడి అయ్య వంశం ఆడపడుచులు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి తమ్ముడు జాయపను చేరదీశాడు. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని ఆయనే. సముద్రం ఎరుగని మన కాకతీయ రాజ్యానికి ఆ విధంగా రేవులు దక్కాయి. వాటిలో ముఖ్యమైనది మోటుపల్లి.

ఇప్పుడది మామూలు పల్లెటూరు. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో, చినగంజాం మండలంలో ఉంది. వీరభద్రాలయంలో మేమిద్దరమూ, పూజారీ తప్ప ఎవరూ లేరు. అక్కడి స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో చెక్కించిన అభయ శాసనం ఉన్నది. ఆ అక్షరాలు పోల్చుకునే శక్తి నాకు లేదు. శాసనం సారాంశాన్ని ముందే ఒక కాగితం మీద రాసుకుని పోయాను.

శాసనంలోని విషయం ఇది. ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు తుపానులో చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతాన తీసుకునేవారు. మేము మాత్రం ప్రాణంకంటే ధనమే ఎక్కువని తలచి సముద్రయానానికి తెగించిన వారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నాము. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయింట ఒక వంతు. అంటే వందకు మూడు రూపాయల ముప్పయి మూడు పైసలు! ఆపైన గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు అంటూ సరుకులవారీగా లెక్కలున్నాయి. అచ్చం మన జీవోల మాదిరిగానే!

ఇంగ్లండులో పగిలిన ఓడ నుంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణంతో బయటపడితే ఆ సరుకును దిక్కులేని సొత్తుగా జమకట్టరాదని చట్టం వచ్చింది 1275లో. మన ఓరుగల్లు రాజు మాట దానికి ముప్పయి ఏళ్ళు ముందుది.

ఆ స్తంభం ముందు నిలబడితే నాకొక పాత సంగతి గుర్తొచ్చింది. నాది పన్నుల వసూలు ఉద్యోగమని మీలో చాలామందికి తెలుసు. ఒక ఏడు వానలకు ఓ చిన్న వర్తకుడి గోదాములోకి నీళ్ళొచ్చి సరుకంతా తడిసిపోయింది. కాస్త గడువు ఇప్పించమని వచ్చాడు. పై అధికారికి ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. నేను రాయలేదు. గడువు దాటిందని జరిమానా కూడా వేశాను. ఆ దుకాణం మళ్ళీ తెరుచుకోలేదు. నిబంధన ప్రకారమే చేశానని ఇన్నేళ్ళూ సమాధానపడ్డాను. ఆ రాయి ముందు మాత్రం ఆ సమాధానం నిలవలేదు. సుంకం వదులుకోమని గణపతిదేవుడు కూడా అనలేదు. మునిగినవాడి దగ్గర సుంకానికి మించి పుచ్చుకోవద్దన్నాడు, అంతే.

"దోచుకుంటానని రాసిండా, దోచుకోనని రాసిండా?" అని అడిగింది మా శ్రీమతి. దోచుకోనని రాశాడన్నాను. "అయితే మంచోడే" అని స్తంభానికి దండం పెట్టింది.

ఆ మాట వృథా పోలేదు. 13వ శతాబ్ది చివర ఇటు వచ్చిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే 'ముత్ఫిలి' అన్నాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని బట్టలను పొగిడాడు. భర్త పోయిన రాణి నలభై ఏళ్ళుగా న్యాయంగా పాలిస్తున్నదని రాశాడు. రుద్రమదేవిని రాజు భార్య అనుకున్నాడు కానీ, ఆమె గణపతిదేవుని కుమార్తె. కాకతీయులు పోయాక కూడా, 1358లో అనపోతారెడ్డి ఈ మోటుపల్లిలోనే వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ శాసనం వేయించాడు. రాజవంశం మారినా ఆ పద్ధతి మిగిలింది.

సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినందుకు మనమంతా సంతోషించాము. అదే రాజు ఇచ్చిన మాట మోటుపల్లిలో రాయిమీద ఉంది. వాడరేవుకు సముద్రస్నానానికి పోయేవారు ఒక పూట మిగుల్చుకుని అక్కడికీ వెళ్ళిరండి. మనుమలను కూడా వెంట తీసుకుపోండి. రేపు వాళ్ళలో ఎవరైనా సర్కారు కుర్చీలో కూర్చోవచ్చు.