తొంబదియొక్క యేండ్లు మరుగుననున్న క్రిమి



చరిత్ర మనగా రాజుల యుద్ధములును, రాజ్యముల హెచ్చుతగ్గులును మాత్రమే యని పలువురు తలంతురు. నేనును పెక్కేండ్లు పాఠశాలలో పిల్లలచేత రాజుల వంశావళులు వల్లె వేయించినవాడనే. నేడు విన్నవింపబోవునది కంటి కగపడని యొక క్రిమి చరిత్రము. దీనికి కాంపిలోబాక్టర్ అని పేరు. దీనిలో పలుజాతులు గలవు. కొన్ని గొఱ్ఱెలకును ఆవులకును చూలు పోగొట్టును. కొన్ని మనుష్యులకు విరేచనములు, కడుపునొప్పి, జ్వరము కలిగించును. 1886వ సంవత్సరమున నొక వైద్యుడు దీనిని చూచెను. మనుష్యులలో మిక్కిలి సాధారణమైన యొక రోగమునకు ఇదియే కారణమని లోకము గుర్తించుట 1977లో. చూచినదానిని తెలిసికొనుటకు తొంబదియొక్క యేండ్లేల పట్టెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

జర్మనీ దేశమునందు మ్యూనిక్ నగరమున థియోడోర్ ఎషెరిష్ అను శిశువైద్యు డుండెను. ఆ దినములలో పసిబిడ్డలు పెక్కండ్రు విరేచనములతో మరణించుచుండిరి. దానిని శిశువుల వాంతిభేది యనుచుండిరి. అట్లు మరణించిన బిడ్డల ప్రేగులందలి జిగురును సూక్ష్మదర్శినితో పరీక్షింపగా మెలిదిరిగిన క్రిములు కానవచ్చెను. ఆ సంగతి నాయన 1886లో ప్రకటించెను. కాని యెంత యత్నించినను ఆ క్రిములు పోషకద్రవ్యములపై పెరుగవయ్యెను. వేరుచేసి పెంచి చూపజాలని క్రిమిని రోగకారణమని నిరూపించుట దుర్ఘటము గదా! ఆయన పేరు మఱియొక ప్రేగు క్రిమికి, ఎషెరిషియా కోలై యనుదానికి, స్థిరముగా నిలిచినది. ఈ వంకర క్రిమి మాత్రము పాత పత్రికల పుటలయందు నిద్రించెను. ఆ వ్రాతను 1985లో గాని మరల వెలికి తీయలేదు.

ఇక కథ గొఱ్ఱెల దొడ్డిలోనికి పోవును. ఇంగ్లాండులో గొఱ్ఱెలు, ఆవులు నెలలు నిండకమునుపే ఈచుకపోవుచుండగా, కారణము విచారించుటకు ప్రభుత్వము మక్ఫాడియన్, స్టాక్‌మన్ అను పశువైద్యులను నియమించెను. 1906లో వారికి గొఱ్ఱె గర్భాశయమునందు వంకర క్రిములు విస్తారముగా కనబడెను. 1913 నాటి నివేదికలో గొఱ్ఱెల రోగమునకు వానినే కారణముగా చూపిరి. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ అను పండితుడు 1918లో ఈచుకపోయిన ఆవులయందును అట్టి క్రిమినే కనుగొనెను. పశువుల జ్వరమొకటి పిడుదులచేత వ్యాపించునని 1893లో చూపిన వా డీయనయే. 1931లో అమెరికాలోనే మఱికొందఱు శీతకాలమున ఆవులకును దూడలకును వచ్చు పారుడు రోగమునందు జెజుని యను జాతిని వేరుచేసిరి. ఆ పారుడునకు కారణము వేరని తరువాత తేలినను పేరు మాత్రము నిలిచినది.

అప్పటిలో వంకరగానున్న క్రిమి నెల్ల విబ్రియో యనుట వాడుక. 1884లో మన కలకత్తా నగరమున రాబర్ట్ కాక్ పండితుడు కలరా రోగుల ప్రేగులనుండి వేరుచేసిన క్రిమియు విబ్రియోయే. ఆకారము చూచి దీనినిగూడ ఆ గోత్రముననే చేర్చిరి. 1963లో సెబాల్డ్, వేరాన్ అను ఫ్రెంచి పండితులు ఇది చక్కెరలను పులియబెట్టదనియు, దీని జన్యుపదార్థపు కూర్పు వేరనియు చూపి, కాంపిలోబాక్టర్ అని క్రొత్త పేరు పెట్టిరి. గ్రీకు భాషలో దానికి వంకర కడ్డీ యని యర్థము.

మనుష్యుల వైద్యమునం దేమి జరుగుచుండెను? 1938 మే నెలలో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున రెండు చెఱసాలలలో పాలు త్రాగినవారు 355 మంది విరేచనములతో జబ్బుపడిరి. కొందఱి రక్తమునందు జెజునిని పోలిన క్రిమి దొరికెను. మలములో వెదకి పట్టు నుపాయము లేదయ్యెను. 1947లో ఫ్రాన్సున విన్సాన్ అను వైద్యుడు గర్భిణీ స్త్రీల రక్తమున పశువుల క్రిమినే కనుగొనెను; వారిలో ఇద్దఱికి గర్భస్రావమయ్యెను. 1957లో అమెరికాలో ఎలిజబెత్ కింగ్ అను విదుషీమణి రోగుల రక్తమునుండి దొరకిన యీ క్రిములను పరీక్షించి, అందొక తెగ అధికమైన వేడిమిలో బాగుగా పెరుగునని తెలిపెను. సరియైన పద్ధతి దొరకినచో విరేచనములలో నిది విరివిగా కానవచ్చునని కూడ ఆమె యూహించెను. ఆ పద్ధతి దొరకుటకుముందే 1966లో ఆమె గతించెను.

ఆమె యూహ ఫలించినది బెల్జియమునందు. బ్రస్సెల్స్ నగరమున పశువైద్య పరిశోధకుడైన డెకైజరును, శిశువైద్యుడైన బుజ్‌లరును కలిసి పనిచేసిరి. ఈ క్రిమి మిక్కిలి సన్ననిది. కావున మలమును నీటిలో కలిపి సూక్ష్మమైన రంధ్రములుగల జల్లెడగుండ వడపోయగా, లావైన క్రిములు పైన నిలిచి యీ వంకర క్రిమి క్రిందికి దిగెను. 1972లో వారీ పద్ధతిని ప్రకటించిరి. తరువాత ఇంగ్లాండులోని వూస్టర్ నగరమున మార్టిన్ స్కిరో అను వైద్యుడు వడపోత యక్కఱలేకుండ, తక్కిన క్రిములను అణచు మూడు మందులు కలిపిన పోషకద్రవ్యమును కూర్చెను. 1977లో ఆయన ప్రకటించిన లెక్క యిది: విరేచనములుగల 803 మందిలో 57 మందికి ఈ క్రిమి యుండెను; విరేచనములు లేని 194 మందిలో ఒక్కనికిని లేదు. అంతట లోకము కన్ను దెఱచెను. నేడు ప్రపంచమున విరేచన రోగములకు ముఖ్య కారణములు నాలుగింటిలో ఇది యొకటి.

ఆలస్యమునకు హేతువులు మూడని నాకు తోచుచున్నది. మొదటిది క్రిమి స్వభావము. మనము పీల్చు గాలి దానికి సరిపడదు. ప్రాణవాయువు స్వల్పముగా నున్న చోటనే పెరుగును. రెండవది పేరు. కలరా క్రిమితో నొక గోత్రమున చేర్చుటచే దాని స్వభావము మఱుగుపడెను. మూడవది, అన్నిటికంటె పెద్దది, పశువైద్యునకును మనుష్యవైద్యునకును నడుమ గోడ. దొడ్డిలో తెలిసిన సంగతి యింటిలోనికి రాలేదు. ఆ యిరువురు నొకచోట చేరిన పిదప గాని ముడి విడలేదు.

ఈ గోడ పండితులకు గలదు గాని, పల్లెలో మనకు లేదు. మన వాకిటనే ఆవు, మేక, కోడి, పసిబిడ్డ యొక్కచోట మెలగుదురు. కోళ్లలో ఈ క్రిమి ఏ జబ్బును చూపకయే నివసించును. పక్షి శరీరపు వేడిమి దానికి మిక్కిలి అనుకూలము. 1981లో ఇంగ్లాండున రాబిన్సన్ అను వైద్యుడు తన దేహముపైననే పరీక్షించుకొనెను: పాలలో కలిపిన 500 క్రిములే ఆయనను జబ్బుపఱచెను. అందుచే పచ్చిపాలు త్రాగరాదు; పొంగువచ్చునట్లు కాచవలెను. కోడిమాంసము లోపలి యెఱుపు పోవువఱకు ఉడుకవలెను. దానిని కోసిన కత్తితో కడుగకయే కూరలు తఱుగరాదు. ఈచుకపోయిన పిండమును ఒట్టిచేతులతో తాకక లోతుగా పాతిపెట్టి, పశువైద్యునకు తెలుపవలెను. దొడ్డిపని ముగిసినంతనే సబ్బుతో చేతులు కడుగవలెను.

రోగము చాలమందికి వారములోపల తగ్గును. నీటిని, ఉప్పును చక్కెరయు కలిపిన పానీయమును విడువక త్రాగింపవలెను. నెత్తురు పడినను, బిడ్డ సోలిపోయినను జాగుచేయక వైద్యుని కడకు కొనిపోవలెను. విరేచనములు తగ్గిన కొన్ని దినములకు లేక వారములకు కాళ్లుచేతులు పట్టుదప్పుట అరుదుగా గలదు. అదియు ఆసుపత్రికి పోవలసిన జబ్బే.

మ్యూనికులో ఆ బిడ్డలకు జబ్బు చేసిననాడు తల్లుల కీ సంగతి చెప్పువాడు లేడు. నేడు చెప్పుటకు తెలిసినది గలదు. వినిన మీరు ఇరుగుపొరుగులకు చెప్పుడు. సెలవు.