అక్షరాలు మిగిలాయి, పలుకు పోయింది

క్రీ.శ. 712లో ఓ నో యసుమారో జపాన్ ఆస్థానానికి ‘కొజికి’ గ్రంథాన్ని సమర్పించాడు. రాయడానికి చైనా అక్షరాలే దిక్కు. తన ఇబ్బందిని అతను పీఠికలోనే చెప్పుకున్నాడు: అక్షరాలను అర్థం కోసమే వాడితే మనసులోని మాట పూర్తిగా అందదు, ధ్వని కోసమే వాడితే వాక్యం చాంతాడంత అవుతుంది. అందుకే రెండు పద్ధతులూ కలిపాడు. హియెద నో అరె కంఠస్థం చేసిన కథనాలు అలా గ్రంథస్థమయ్యాయి. వినిపించే గొంతులు పోయాక మాత్రం ఆ పుటలను పైకి చదవడం పండితులకే గగనమైంది. మొతోఓరి నొరినాగ 1764లో పూనుకుని, ఏ అక్షరాన్ని ఎలా పలకాలో తేలుస్తూ 44 సంపుటాల వ్యాఖ్యానం ముగించేసరికి 1798 వచ్చింది. ‘మన్యోషు’ కవితలదీ అదే గతి. అవి కూర్చిన సుమారు రెండు వందల ఏళ్లకే, 951లో, వాటిని చదివే తీరు తేల్చమని మురకామి చక్రవర్తి ఐదుగురు పండితులను నియమించాల్సి వచ్చింది. పలుకు ఉండేది చదివేవాడికి ముందే వచ్చిన భాషలో. లిపి దాన్ని గుర్తుచేస్తుంది, అంతే.

ఇది చైనా అక్షరాల చిక్కు, రాసినట్టే చదివే మన లిపికి వర్తించదు అనవచ్చు. కానీ ‘చాప’లో, ‘చంద్రుడు’లో ఉన్నది ఒకే చకారం. మొదటిది దంత్యమనీ రెండోది తాలవ్యమనీ అక్షరం చెప్పదు, చెవి చెబుతుంది. తెలుగు వింటూ పెరగని పాఠకులనూ దృష్టిలో పెట్టుకున్న బ్రౌన్, 1852 నాటి తన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో ఆ రెంటినీ వేరుచేసి చూపాడు.

అలాగని లిపులన్నీ సమానమని నేననను. ఐరోపాలోని 13 భాషల పిల్లలపై 2003లో వెలువడిన పరిశోధనలో, మొదటి ఏడాది చివరికి చాలా దేశాల పిల్లలు తెలిసిన మాటలను దాదాపు తప్పుల్లేకుండా చదివారు. ఇంగ్లిష్ చదివే పిల్లలు సరిగా చదివింది 34 శాతమే. వాళ్లు చిన్న వయసులోనే బడిలో చేరతారన్నది నిజమే. అయితే రెండో ఏడాది ముగిసినా 76 శాతం దగ్గరే ఉన్నారు. వయసొక్కటే కారణమని సరిపెట్టుకోలేం.

మరి అక్షరానికీ ధ్వనికీ పొత్తు ఎంత తక్కువైతే చదవడం అంత కష్టమా? 1999లో పరిశోధకులు వైడెల్, బటర్‌వర్త్ వివరించిన కుర్రవాడి ఉదంతం ఆ లెక్కను కూడా తప్పిస్తుంది. జపాన్‌లో పెరిగిన ఆ ఇంగ్లిష్ ఇంటి పిల్లవాడికి ఇంగ్లిష్ చదవడం తీవ్రమైన కష్టం. జపనీస్‌లో కనా అక్షరాలే కాదు, చైనా నుంచి వచ్చిన కాంజీ కూడా తోటివాళ్లకు తీసిపోకుండా చదివేవాడు. కనాలో ఒక్కో గుర్తుకు ఒక్కో ధ్వని. కాంజీలో మాటను మొత్తంగా గుర్తుపట్టాలి. ఇంగ్లిష్ మాత్రం మాటను చిన్న ధ్వనులుగా విడగొట్టమంటుంది, విడగొట్టాక ఒకే అక్షరం ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతుంది. ఆ కుర్రవాడు తడబడింది సరిగ్గా అక్కడే.