వంటింట్లో ఇనుప మూకుడు

గోదావరి జిల్లాలలో దిబ్బరొట్టె కాల్చాలంటే మందపాటి ఇనుప మూకుడునే వెదుకుతారు. మినపపిండి, బియ్యపురవ్వ కలిపి రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి, సన్నని సెగమీద చాలాసేపు ఉంచాలి. కుంపట్ల రోజులలో మూతమీద కూడ నిప్పులు వేసేవారు. అడుగు ఎర్రగా కరకరలాడాలి. నడుమ పచ్చి మిగలరాదు. పాత మూకుడులో రొట్టె తనంతట తానే వదులుతుంది. కొత్తదానిలో అంటుకొని ముక్కలవుతుంది. రెండూ ఇనుమే గదా, ఈ తేడా ఎక్కడిది?

డెల్టా ఒండ్రునేలలో ఇనుప ఖనిజం లేదు. ఇనుము మెట్టసీమనుండి దిగవలసిందే. నూజివీడు సమీపాన రమణక్కపేటలో ఇనుము తీసే కొలుములను, సామర్లకోట కుంఫిణీ తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ 1795లో వర్ణించాడు. 1790–92 కరువుకు ముందు అక్కడ 40 కొలుములుండేవనీ, కరువు మిగిల్చిన పనివారు పేదరికంలో ఉన్నారనీ వ్రాశాడు. అంతకు ముందు శతాబ్దిలో నరసాపురం ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. ఓడలకు కావలసిన మేకులు, బోల్టులు, లంగర్లు అక్కడి కమ్మరులే నేర్పుగా చేసేవారని 1670 ప్రాంతాల ఈ తీరానికి వచ్చిన ఇంగ్లీషు నావికుడు టామస్ బౌరీ చెప్పాడు.

ఆ నాటి కొలుములలో బొగ్గు, ఖనిజం కలిపి కాల్చి తిత్తులతో ఊదేవారు. శుద్ధమైన ఇనుము 1538 సెంటిగ్రేడు డిగ్రీల వద్దగాని కరగదు. కొలిమి వేడి అంతకు చేరదు. అందుచేత ఇనుము ద్రవమై పారక, చిట్టెంతో కలిసిన ముద్దగా మిగిలేది. దానిని పదే పదే కాల్చి సమ్మెటతో కొడితే చిట్టెం ఊడిపోయి చేత ఇనుము వచ్చేది. పెనం, మూకుడు, అట్లకాడ ఇలా కొట్టి చేసినవే.

పోత ఇనుము దారి వేరు. ఇనుములో 2 నుండి 4 శాతం వరకు కర్బనం చేరితే అది 1150 డిగ్రీల దాపునే కరిగి అచ్చులోకి పారుతుంది. చైనావారికి ఈ విద్య క్రీస్తుపూర్వం 5వ శతాబ్ది నాటికే తెలుసు. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1707లో ఇసుక అచ్చులలో ఇనుప కుండలు పోసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1709లో ఖనిజాన్ని కోకుతో కరగించాడు. పారిశ్రామిక విప్లవం ఒక విధంగా వంటకుండతోనే మొదలైందన్న మాట! ఆ విప్లవపు చౌక ఇనుము ఓడలమీద దిగిన తరువాత మన కొలుములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. తుక్కు కరగించి పోసే ఫౌండ్రీలు వచ్చాయి. పోత మూకుడు మందంగా, గరుకుగా ఉంటుంది, క్రిందపడితే పగులుతుంది. చేత మూకుడు సొట్టపోతుందిగాని పగలదు.

ఏ ఇనుమైనా, రొట్టెను వదిలించేది దానిమీది నల్లని పొర. నూనెను పలుచగా పూసి వేడిచేస్తే దాని అణువులు ప్రాణవాయువుతో కలిసి, ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పూతగా మారతాయి. ఇందుకు నూనెలో ద్విబంధాలు కావాలి. వాటిని కొలిచేది అయొడీన్ విలువ. అవిసెనూనెకు అది 170 పైన, నువ్వులనూనెకు 110 దాపున ఉంటుంది. కొబ్బరినూనెకు సుమారు 6 నుండి 11 మాత్రమే. కోనసీమలో ఎంత సమృద్ధిగా దొరికినా మూకుడు పూతకు కొబ్బరినూనె పనికిరాదు.

ఉప్పుగాలి తగిలే తీరగ్రామాలలో వాడని మూకుడు వర్షకాలంలోనే ఎర్రబారుతుంది. తుప్పును ఇటుకపొడితో, కొబ్బరిపీచుతో తోమాలి. మొండి తుప్పుకు చింతపండు పులుసు రాసి, వెంటనే కడిగివేయాలి. పొయ్యిమీద పూర్తిగా ఆరనిచ్చి, నువ్వులనూనె చుక్కలు పూసి, పూయనట్లే తుడిచి, పొగ ఆగేవరకు కాల్చాలి. నూనె ఎక్కువైతే జిగురు మిగులుతుంది. ఇలా నాలుగైదుసార్లు చేయాలి. కాలిన పోత మూకుడులో చన్నీళ్లు పోస్తే పగులుతుంది.

పులుసును రాచ్చిప్పలోనో, కళాయి పూసిన ఇత్తడి గిన్నెలోనో కాచేవారు. చింతపండులోని ఆమ్లం పూతను తినివేసి ఇనుమును కరిగిస్తుంది. అరటికాయ, వంకాయ నల్లబడడానికి కారణం వాటిలోని వగరు పదార్థాలు ఇనుముతో కలవడం. కలంకారీ పనివారు తుప్పు ఇనుమును బెల్లపునీటిలో నానబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డమీద నల్లగీతలు గీసేది ఈ రసాయన చర్యతోనే.

కరిగిన ఇనుము వృథా కాదు. 1986లో అమెరికాలో జరిగిన పరీక్షలో 100 గ్రాముల యాపిల్ గుజ్జులో 0.35 మిల్లీగ్రాములున్న ఇనుము, ఇనుప పాత్రలో వండిన పిమ్మట 7 మిల్లీగ్రాములు దాటింది. అందులో దేహానికి పట్టేది కొంత భాగమే. అయినా 1999లో ప్రకటితమైన ఇథియోపియా అధ్యయనంలో, ఇనుప కుండలలో వండినది తిన్న పిల్లల రక్తంలో హీమోగ్లోబిన్, అల్యూమినియం పాత్రల పిల్లలలోకంటె ఎక్కువగా పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉన్నది.

1886లో అల్యూమినియాన్ని విద్యుత్తుతో తీసే పద్ధతి తెలిసింది. క్రమంగా తేలికైన గిన్నెలు చౌకయ్యాయి. బరువైన మూకుళ్లు అటకెక్కి, అక్కడనుండి పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చేవాని తట్టలో చేరాయి. తక్కెడకు తూగేది ఇనుమే. ఇరవై ముప్పై ఏండ్ల పూతకు తూకం లేదు. కొలిమిలో అది మొదటి నిమిషంలోనే కాలిపోతుంది.

అటకమీది మూకుడును దించినప్పుడు వ్రేలి కణుపుతో తట్టి చూడాలి. గణగణమంటే మంచిది, బొదబొదమంటే బీట ఉన్నట్లే. వలలకు సీసపు గుళ్లు పోసుకొన్న మూకుడైతే ఎంత తోమినా వంటకు తీసుకోరాదు.