నెపం వేయడానికి ఎండ లేదు

ముక్కోటికి ముందురోజు రాత్రి, భద్రాచలం. గోదావరిలో హంసవాహనం మీద స్వామివారి తెప్పోత్సవం అయిపోయింది. తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. ఈ రెంటి నడుమ కాసేపు నడుం వాల్చే చోటు కోసం వెతుక్కునే జనంతో లాడ్జీలు కిక్కిరిశాయి. అలాంటి ఒక లాడ్జి రెండో అంతస్తు హాల్లో కింద పరుపులు పరిచారు. పడుకున్నవాళ్లలో సగానికి పైగా ముసలివాళ్లే. ఒకవైపు నది, చుట్టూ అడవి. జనవరిలో ఇక్కడి చలిని తక్కువ అంచనా వేసేవాళ్లు మేలో మాత్రమే వచ్చినవాళ్లు.

హాలుకు ఐదున్నర టన్నుల డక్టబుల్ ఏసీ ఉంది. హాట్ అండ్ కోల్డ్ రకం. సాయంత్రం నుంచి వెచ్చగాలి ఇస్తున్నది కాస్తా రాత్రి పదిన్నరకు ఆగిపోయింది. గోడ మీది ప్యానెల్‌లో ఎర్రలైటు, పక్కన ‘హెచ్‌పీ’ అన్న అక్షరాలు. మేనేజరు స్విచ్ ఆపి వేశాడు. పది నిమిషాలు నడిచింది, ఆగింది. మళ్లీ వేశాడు. ఈసారి ఆరు నిమిషాలే.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇందులో ఎవరికీ పేరు పెట్టలేదు. ఈ వైపు మెకానిక్కుల పనిలో తరచూ ఎదురయ్యే చిక్కుముడిని ఒకే లాడ్జిలో, ఒకే రాత్రిలో పెట్టి తిరిగి అల్లిన కథనం ఇది. మనుషులు, మాటలు కల్పన. యంత్రం నడిచే తీరు, దాని లెక్కలు మాత్రం నిజం.

మెకానిక్‌ది ఖమ్మం. అదృష్టం కొద్దీ ఆ రోజు పాల్వంచలో పని మీద ఉన్నాడు. కిన్నెరసాని అడవి అంచున మంచులో బండి నడుపుకుంటూ, సారపాక పేపరుమిల్లు దీపాలు దాటి, వంతెన మీదుగా వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటికే ఇద్దరు సలహాదారులు తయారుగా ఉన్నారు. ఒకరు వాచ్‌మన్. డాబా మీది అవుట్‌డోర్ యూనిట్‌ను పైపు పెట్టి కడిగేశాడు. వేసవిలో ట్రిప్పయినప్పుడల్లా అదే మందు. రెండో మనిషి లాడ్జి ఎలక్ట్రీషియన్.

“ఆ హెచ్‌పీ స్విచ్చి వైర్లు రెండూ కలిపేస్తే సరిపోద్దన్నా. తెల్లారేదాకా నడిస్తే చాలు.”

మెకానిక్ అతని వైపు తిరిగాడు. “అది చెడిపోయి ఆపట్లేదు తమ్ముడూ. లోపల ఒత్తిడి పెరిగిందని చెప్పి మరీ ఆపుతోంది. చెప్పేవాడి నోరు కట్టేస్తే ఒత్తిడి తగ్గుద్దా?”

కారు టైరులో గాలి ముప్పై పీఎస్‌ఐ పైచిలుకు ఉంటుంది. ఆర్-410ఏ గ్యాస్‌తో నడిచే ఇలాంటి యంత్రాల్లో ఆ హెచ్‌పీ (హై ప్రెషర్) స్విచ్ తెగేది మామూలుగా 600 పీఎస్‌ఐ దాటాక. దాన్ని దాటవేసి నడిపితే కంప్రెసర్ వేడెక్కి లోపలి ఆయిల్ మాడుతుంది, వైండింగ్ కాలుతుంది. రాగి గొట్టం అతుకు దగ్గర విచ్చుకుంటే ఎదురుగా ఉన్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు. కింద పడుకున్నవాళ్లను చూపించి “వీళ్లకు దుప్పట్లు ఇవ్వండి సార్ ముందు” అన్నాడు మేనేజరుతో. నిజానికి ఆ రాత్రి జరిగిన మొదటి రిపేరు అదే.

తర్వాత డాబా ఎక్కాడు. వాచ్‌మన్ వెనకే వచ్చాడు. ఒక్కసారి ఆన్ చేయించి, అవుట్‌డోర్ ఫ్యాన్ ముందు చెయ్యి పెట్టాడు.

“ఏం గాలొస్తోంది?”

“చల్లగాలి సార్. ఎండాకాలం సెగ కొట్టుద్ది, ఇప్పుడు చల్లగా కొడుతోంది.”

చిక్కుముడి కొస ఆ మాటలోనే ఉంది. ఏసీ వేడిని పుట్టించదు, చలినీ పుట్టించదు. ఒకచోటి వేడిని ఎత్తి ఇంకోచోట దింపుతుంది. వేసవిలో గది వేడిని ఎత్తుకొచ్చి బయటి కాయిల్‌లో దింపుతుంది. చలికాలం ఫోర్‌వే వాల్వ్ తిరగబడితే, బయటి వేడిని ఎత్తుకెళ్లి లోపలి కాయిల్‌లో దింపుతుంది. గ్యాస్ ద్రవంగా మారి వేడి వదిలే కాయిలే కండెన్సర్. హై ప్రెషర్ ఉండేది ఆ వైపే. అంటే మేలో కండెన్సర్ డాబా మీద, జనవరిలో ఫాల్స్ సీలింగ్ పైన. వాచ్‌మన్ శ్రద్ధగా కడిగింది ఈ రాత్రికి సంబంధం లేని కాయిల్‌ని.

యంత్రం ట్రిప్పయి ఆగి ఉండగానే మెకానిక్ గేజ్ తగిలించి కాసేపు కూర్చున్నాడు. గొట్టాల్లో గాలి చేరితే కూడా హై ప్రెషర్ పెరుగుతుంది. వాక్యూమ్ సరిగా పట్టకుండా గ్యాస్ నింపినచోట ఇది మామూలే. ఆగి ఉన్న యంత్రంలో ఒత్తిడి అంతా సర్దుకున్నాక, ఆ చుట్టూ ఉన్న చలికి తగిన అంకె దగ్గర నిలవాలి. బయట 16 డిగ్రీలుంది. 410ఏకి ఆ చలిలో ఉండాల్సింది సుమారు 172 పీఎస్‌ఐ. గేజ్ ముల్లు అటూ ఇటూగా అక్కడే ఆగింది. గాలి లేదు. అయితే ఈ పరీక్ష గ్యాస్ ఎక్కువైందో లేదో మాత్రం చెప్పదు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు కిలో ఉన్నా ఐదు కిలోలున్నా ఆగినప్పటి ఒత్తిడి ఒకటే. చాలామంది మెకానిక్కులు జారిపడేది ఇక్కడే.

కిందికి దిగి ఫాల్స్ సీలింగ్ తలుపు తీయించాడు. ఫిల్టర్ అనే వస్తువు కనబడలేదు. దాని స్థానంలో నల్లటి దుప్పటి లాంటిదేదో ఉంది: పరుపుల దూది, సాంబ్రాణి పొగ, కర్పూరం మసి, మూలనున్న వంటగది నుంచి వచ్చిన నూనె జిడ్డు, వీటన్నిటినీ పట్టి ఉంచిన దుమ్ము. హాలులో భజనలు, భోజనాలు, పెళ్లిచూపులు అన్నీ అయ్యేవట. ఫిల్టర్ ఎప్పుడు కడిగారని అడిగితే మేనేజరు “సర్వీసు వాళ్లు చూస్తారుగా” అన్నాడు. సర్వీసు కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది.

కాయిల్ మీదుగా గాలి పోకపోతే వేడి దిగదు, వేడి దిగకపోతే ఒత్తిడి దిగదు. ఫిల్టర్ కడిగి, కాయిల్ బ్రష్ పట్టి, బ్లోయర్ బెల్టు బిగించి ఆన్ చేశాడు. ముసలమ్మ ఒకామె లేచి కూర్చుని “వచ్చింది నాయనా” అంది. మేనేజరు పర్సు తీశాడు.

మెకానిక్ కదల్లేదు. ముల్లు 520 దగ్గర ఉంది. ట్రిప్ అవదు, నిజమే. కానీ 520 అంటే గ్యాస్ సుమారు 58 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోందని. ఇరవై డిగ్రీల హాలులో, శుభ్రమైన కాయిల్‌తో అది 45 డిగ్రీల దగ్గర, అంటే 380 చుట్టుపక్కల ఉండాలి. లోపలి కాయిల్ నుంచి బయటికొచ్చే సన్న గొట్టానికి థర్మామీటరు బిగించాడు. 42 డిగ్రీలు. 58కీ 42కీ తేడా పదహారు. ఆరో ఎనిమిదో ఉండాల్సిన చోట పదహారు ఉందంటే ద్రవం వెనక్కి పేరుకుని కాయిల్‌లో కొంత చోటు ఆక్రమించిందన్నమాట.

“మేలో ఎవరైనా గ్యాస్ ఎక్కించారా సార్?”

ఎక్కించారు. హాలు చల్లబడట్లేదని ఎవరినో పిలిచారు. సక్షన్ గేజ్, అంటే కంప్రెసర్ గ్యాస్‌ను పీల్చుకునే వైపు ఒత్తిడి, చూసి తక్కువుందన్నాడు, సిలిండర్ తగిలించాడు, ముల్లు లేచేదాకా ఉంచాడు. కాటా పెట్టలేదు. సక్షన్ ఎందుకు తక్కువుందో కూడా చూడలేదు. కూలింగ్‌లో ఫిల్టర్ మూసుకుపోతే లోపలి కాయిల్‌కు వేడి అందదు, సక్షన్ పడిపోతుంది. అచ్చం గ్యాస్ తక్కువైనట్టే కనిపిస్తుంది. అలా మేలో సక్షన్ పడేసిందీ, జనవరిలో హై ప్రెషర్ పెంచిందీ ఒకటే ఫిల్టర్.

ఆ గ్యాస్ ఎక్కించినప్పటి నుంచి మధ్యాహ్నం పూట ట్రిప్పులు మొదలయ్యాయని వాచ్‌మన్‌కు గుర్తుంది. బయట 45 డిగ్రీలుంటే బయటి కాయిల్‌లో గ్యాస్ మామూలుగానే 58, 60 డిగ్రీల దగ్గర, 520 నుంచి 540 పీఎస్‌ఐ మధ్య నడుస్తుంది. 600కు దూరం ఎంతో లేదు. దానిమీద అదనపు గ్యాస్. నీళ్లు కొడితే కాసేపు నడిచేది. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు తెలిసినవాడెవడూ యంత్రాన్ని అనుమానించడు. తప్పంతా ఎండ మీదికి నెట్టి ఊరుకున్నారు. జనవరి అర్ధరాత్రి నెట్టడానికి ఎండ లేదు. పైగా బయటి కాయిల్ కంటే లోపలి కాయిల్ చిన్నది. మిగులు ద్రవం దాక్కోవడానికి అక్కడ చోటు చాలదు. అందుకే బయటపడింది.

బండిలోంచి ఖాళీ రికవరీ సిలిండర్, కాటా తెచ్చాడు. లిక్విడ్ లైన్ నుంచి కొంచెం తీయడం, ఆగడం, గేజ్ సర్దుకున్నాక థర్మామీటరు చూడటం, మళ్లీ కొంచెం. వాల్వ్ తిప్పి గాల్లోకి వదిలేస్తే ఐదు నిమిషాల పని. అలా వదిలేవాళ్లు బోలెడంతమంది. కానీ ఒక కిలో 410ఏ వాతావరణాన్ని వేడెక్కించడంలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇతను సిలిండర్‌లోకే పట్టాడు. అదీ ఎనభై శాతం మించి నింపకూడదు, వేడికి ద్రవం ఉబ్బుతుంది. కాటా మీద కిలోకు పైన తేలేసరికి తేడా ఏడుకు దిగింది, ముల్లు 385 దగ్గర నిలబడింది. అప్పటికి మూడున్నర దాటింది. హాలులో చాలామంది దర్శనానికి లేచి స్నానాలకు బయల్దేరుతున్నారు. వెచ్చదనం కుదిరిన వేళకు అనుభవించేవాళ్లు సగమే మిగిలారు.

మేనేజరు బిల్లు చూసి కాస్త నసిగాడు. “మేలో గ్యాస్ ఎక్కించడానికి ఇచ్చాం, ఇప్పుడు తీయడానికి ఇస్తున్నాం. ఆ తీసింది మాదే కదా అన్నా, అందులో తగ్గించవా?”

“ఇది నేరుగా వేరే మిషన్‌కు ఎక్కించేది కాదు సార్. శుద్ధికి పంపాలి. తగ్గించలేను.”

“సరే. మళ్లీ మేలో ట్రిప్పయితే?”

“అప్పుడు ఈయన్ని పైకి పంపండి,” అన్నాడు మెకానిక్ వాచ్‌మన్ వైపు చూపిస్తూ. “మార్చి, ఏప్రిల్‌లో బూరుగు కాయలు పగిలి దూది ఎగురుద్ది. అదంతా వచ్చి బయటి కాయిల్‌కే పడుద్ది. పైపు పట్టుకుని కడిగే రోజులు అవే. ఫిల్టర్ మాత్రం ఏడాదంతా, పదిహేను రోజులకోసారి. గ్యాస్ ఎవరైనా ఎక్కిస్తానంటే కాటా ఉందా అని అడగండి.”